టెండరు నెగ్గింది.. బండి ఆగింది

* ప్రభుత్వ వాహనాల కొనుగోలులో తక్కువ ధరే కొలమానం
* విదేశాల్లో జీవితకాల వ్యయంపై దృష్టి
* రేషన్ వాహనాల ఉదంతం నేర్పుతున్న పాఠం

ద్రాక్షారామం: ఇంటింటికీ రేషన్ పేరిట 2021లో రోడ్డెక్కిన 9,260 వాహనాలు 2025 జూన్ 1 నుంచి విధులకు దూరమయ్యాయి. వీటి కొనుగోలుకు వెచ్చించిన మొత్తం సుమారు రూ.539 కోట్లు. ప్రముఖ కంపెనీలు పోటీపడ్డాయి. ధర ఖరారైంది. బండ్లు సకాలంలోనే వచ్చాయి. అయినా ఆరేళ్లు నడవాల్సిన ఏర్పాటు నాలుగేళ్లు దాటగానే ముగిసిపోయింది. కోనసీమ పల్లెల్లో సైతం బియ్యం పంపిణీ మళ్లీ చౌకధరల దుకాణం అరుగుమీదికే చేరింది. ఒక ప్రభుత్వం గొప్పగా ప్రారంభించింది, మరో ప్రభుత్వం రద్దు చేసింది అని రాజకీయంగా సరిపెట్టుకోవడం తేలికే. కానీ పోటీ టెండరు ద్వారా ప్రభుత్వం ఒక వాహనాన్ని కొన్నప్పుడు ఆ టెండరు ఏ ప్రశ్నకు సమాధానం చెబుతుంది, ఏ ప్రశ్నను అసలు అడగనే అడగదు అన్నది ఇక్కడ తరచి చూడవలసిన అంశం. ఇతర దేశాల ప్రభుత్వ కార్యాలయాలు వాహనాలు కొనే తీరును దీని పక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో బోధపడుతుంది.

రూ.5.81 లక్షల బండి.. నెలకు రూ.21 వేలు

రేషన్ వాహనం ఒక్కొక్కటి ధర రూ.5,81,190. ఇందులో 60 శాతం, అంటే రూ.3,48,714 ప్రభుత్వ రాయితీ. 30 శాతం బ్యాంకు రుణం. మిగిలిన 10 శాతం, రూ.58,119 లబ్ధిదారుని వాటా. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర వర్గాల నిరుద్యోగ యువకులను ఆపరేటర్లుగా ఎంపిక చేశారు. 2021 జనవరి 21న విజయవాడ బెంజిసర్కిల్ వద్ద అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి జెండా ఊపారు. మొత్తం వాహనాల్లో 6,413 టాటా ఏస్ గోల్డ్ బండ్లు. మిగిలినవి మారుతీ సుజుకీ సరఫరా చేసినవి. తూకం యంత్రం, మైకు, సరుకు పెట్టుకునే అరలతో వీటి వెనుక భాగాన్ని ప్రత్యేకంగా తీర్చిదిద్దారు.

ఇంతవరకు కొనుగోలు లెక్క. ఆ తర్వాత మొదలైంది నడిపే లెక్క. తొలుత ఆపరేటరుకు నెలకు రూ.16 వేలు నిర్ణయించారు. పని మొదలైన కొద్ది రోజులకే అది చాలదని ఆపరేటర్లు మొర పెట్టుకోవడంతో 2021 ఫిబ్రవరిలోనే రూ.21 వేలకు పెంచారు. వాహన అద్దె రూ.13 వేలు, సహాయకుడికి రూ.5 వేలు, పెట్రోలుకు రూ.3 వేలు. అంటే చక్రం తిరగడం మొదలైన నెల లోపే నిర్వహణ అంచనా దాదాపు మూడో వంతు పెరిగిందన్నమాట. బండి ధర మాత్రం పైసా మారలేదు. దానికి టెండరు ఉంది. దీనికి లేదు.

నెలకు రూ.21 వేల చొప్పున 9,260 బండ్లకు రూ.19.44 కోట్లు అవుతుంది. ఏడాదికి రూ.233 కోట్లు. అన్నీ నడిచాయనుకుంటే 28 నెలలు తిరిగేసరికే నిర్వహణ ఖర్చు కొన్న ధరను మించిపోతుంది. 2021 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు 52 నెలలకు లెక్క కడితే రూ.వెయ్యి కోట్లు దాటుతుంది. అద్దెలోనే రుణ వాయిదా ఇమిడి ఉంది కాబట్టి రెండు మొత్తాలనూ గుడ్డిగా కూడరాదు. అయినా విషయం సుస్పష్టం. పోటీ జరిగింది చిన్న మొత్తం మీద. పెద్ద మొత్తం పోటీకి వెలుపలే ఉండిపోయింది.

ఇంతకూ ఇంటింటికీ సరుకు చేర్చడానికి బండి కావాలా, దుకాణం నుంచే వృద్ధులకు, వికలాంగులకు మాత్రం పంపితే చాలదా అన్న ప్రశ్న టెండరులో ఉండదు. ఉండే అవకాశమూ లేదు. బండి కొనాలన్న నిర్ణయం జరిగిపోయాక, ఏ బండి చవక అన్నదే టెండరు తేల్చేది. 2025 మే 20న మంత్రివర్గం రద్దు నిర్ణయం తీసుకున్న సందర్భంగా ప్రభుత్వం చెప్పిన కారణాలు చాలావరకు ఈ మొదటి ప్రశ్నకు సంబంధించినవే. వాహనాలు ఇంటి ముంగిటికి రాకుండా వీధి మొగలో ఆగుతున్నాయని, కూలికి వెళ్లేవారికి బండి వచ్చే వేళ తెలియడం లేదని, బియ్యం పక్కదారి పడుతున్నాయని ప్రభుత్వం పేర్కొంది. జూన్ 1 నుంచి దుకాణాల్లోనే పంపిణీ చేపట్టి, 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు మాత్రం ఇంటివద్ద అందించే ఏర్పాటు చేసింది. ఒప్పందం 2027 జనవరి వరకు ఉండగా నడుమనే ఉపాధి పోయిందన్నది ఆపరేటర్ల ఆవేదన. వాహనాలను వారికే ఉచితంగా అప్పగిస్తామని పౌర సరఫరాల మంత్రి నాదెండ్ల మనోహర్ ప్రకటించారు. అయితే బియ్యం పంచడానికి తీర్చిన బండిని కొబ్బరికాయలు తోలడానికో, కూరగాయలు అమ్మడానికో మార్చుకోవాలంటే మళ్లీ చేతి చమురే.

రంగు సైతం వివాదానికి దారితీసిన ఘనత ఈ వాహనాలకే దక్కింది. పంచాయతీ ఎన్నికల వేళ బండ్ల మీది రంగులు పార్టీ జెండాను పోలి ఉన్నాయని రాష్ట్ర ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పడం, వ్యవహారం హైకోర్టుకు చేరడం 2021 ఫిబ్రవరి నాటి సంగతి. ఇంజను సామర్థ్యం మీద జరగవలసిన చర్చ రంగు మీద జరిగింది.

పాట తెలిసిన ప్రాంతమే

వేలం అన్నది గోదావరి జిల్లాల ప్రజలకు కొత్త కాదు. సంత ఆశీలు, పంచాయతీ చేపల చెరువు, దేవాదాయశాఖ ఆలయాల్లో కొబ్బరికాయల దుకాణాలు.. ఇవన్నీ సీల్డు టెండరు, బహిరంగ వేలం ద్వారానే ఏటా చేతులు మారుతుంటాయి. అక్కడ హెచ్చుపాటదారు గెలుస్తాడు. ప్రభుత్వం కొనేటప్పుడు ఇదే పాట తిరగబడుతుంది. తక్కువకు ఇస్తానన్నవాడిదే గెలుపు. కార్యాలయ పరిభాషలో అతడు ఎల్-1.

టెండరుదారు ముందుగా ధరావతు చెల్లించాలి. గెలిచి వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోతుంది. పెద్ద కొనుగోళ్లలో కవర్లు రెండు. మొదటిదానిలో సాంకేతిక వివరాలు ఉంటాయి. అడిగిన లక్షణాలు బండికి ఉన్నాయా, కంపెనీకి అనుభవం ఉందా అని చూస్తారు. అందులో నెగ్గినవారి రెండో కవరు, అంటే ధరల కవరు మాత్రమే తెరుస్తారు. మొదటి కవరులో ఏమి అడగాలో రాసే వ్యక్తి చేతిలోనే అసలు కీలకం ఉంటుంది. ఒకే కంపెనీ బండికి సరిపోయేట్టు కొలతలు రాస్తే పది మంది టెండరు వేసినా పోటీ లేనట్లే. చేపల చెరువు పాటలో షరతులు ఎవరికి అనుకూలంగా రాశారో మొదటి వరుసలో కూర్చున్నవారికి తెలిసినట్టే ఇదీ.

అమెరికా కార్యాలయాల తీరు

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ శాఖల వాహనాల వ్యవహారం ప్రధానంగా జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ చూస్తుంది. 1949లో ఏర్పడిన ఈ సంస్థ కంపెనీల నుంచి టోకున కొని, 2 లక్షలకు పైగా వాహనాలను ఇతర శాఖలకు అద్దె పద్ధతిపై ఇస్తోంది. శాఖ చెల్లించే అద్దెలోనే ఇంధనం, మరమ్మతులు, చివరికి బండి అమ్మకం విలువ సైతం లెక్కకు వస్తాయి. వాడకం తీరిన బండ్లను బహిరంగ వేలంలో ప్రజలకు అమ్ముతారు. కాబట్టి కొనేరోజే అమ్మేరోజు గురించి కూడా ఆలోచించవలసి ఉంటుంది. మన దగ్గర పాత జీపు కార్యాలయం వెనుక చెట్టుకింద తుప్పుపట్టి, టైర్లు భూమిలో కూరుకుపోయాక గానీ వేలం దస్త్రం కదలదు.

విదేశాల్లోని అమెరికా రాయబార కార్యాలయాలు తమ అవసరాలకు కావలసిన సాధారణ వాహనాలను అక్కడి స్థానిక డీలర్ల నుంచే కొనడం పరిపాటి. తూటాలు తట్టుకునే వాహనాల సంగతి వేరు, అవి స్వదేశం నుంచి వస్తాయి. కొటేషన్ పిలుపును కార్యాలయం వెబ్‌సైటులో పెడతారు. స్టీరింగు ఎడమనా కుడినా, ఎన్ని రోజుల్లో అప్పగించాలి, వారంటీ ఎంతకాలం, విడిభాగాలు ఆ ఊరిలో దొరుకుతాయా అన్నవి అందులో స్పష్టం చేస్తారు. గడువు గంటతో సహా రాసి ఉంటుంది. దౌత్య కార్యాలయాలకు పన్ను మినహాయింపు వర్తించే చోట పన్ను తీసేసిన ధరలనే పోలుస్తారు. అడిగిన లక్షణాలన్నీ ఉన్నవారిలో తక్కువ ధర పలికినవారికి ఆర్డరు. చూడటానికి మన మండల కార్యాలయం కొటేషన్లకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. గెలుపోటములను ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తారో పిలుపులోనే ముందుగా చెప్పేయడం గమనార్హం.

ఓడినవారికి ఉన్న హక్కు మరింత ముఖ్యమైనది. అమెరికా ప్రభుత్వ కొనుగోలులో అన్యాయం జరిగిందని భావించిన టెండరుదారు గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసును ఆశ్రయించవచ్చు. 100 రోజుల్లో అది తేల్చాలి. సకాలంలో ఫిర్యాదు చేస్తే సాధారణంగా అంతవరకు ఒప్పందం ముందుకు సాగదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో పెద్ద టెండర్లు గెలిచిన కంపెనీ పేరు ప్రకటించాక కనీసం 10 రోజులు ఆగి గానీ సంతకాలు చేయరాదన్న నియమం ఉంది. ఆ పది రోజులు ఓడినవారివి. మన దగ్గర ఓడినవాడు హైకోర్టుకు వెళ్లేసరికి సగం బండ్లు వచ్చి చేరుతాయి.

మన రాయబార కార్యాలయాల సంగతీ చూడాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు-2017 ప్రకారం శాఖలన్నీ ఆన్‌లైన్‌లోనే టెండర్లు స్వీకరించాలి. అయితే 160వ నిబంధన విదేశాల్లోని భారత కార్యాలయాలకు వెసులుబాటు ఇచ్చింది. అక్కడి అధికారి నిర్ణయిస్తే ఆన్‌లైన్ పద్ధతి నుంచి మినహాయించవచ్చు. మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్న కారు డీలరు భారతీయ డిజిటల్ సంతకం తీసుకుని మన పోర్టల్‌లో బిడ్ వేయాలనడం అసాధ్యమే కనుక మినహాయింపు అర్థం చేసుకోదగినదే. కోనసీమ నుంచి వేలాది మంది పొట్టచేతబట్టుకుని వెళ్లిన గల్ఫ్ దేశాల్లో కార్యాలయాలకు ఏ బండి ఎంతకు కొన్నారో ఇక్కడి పౌరుడికి తెలియడం మాత్రం ఆ మేరకు కష్టమే.

అగ్రరాజ్యానికీ తప్పని తడబాటు

విదేశాల్లో అంతా సవ్యమని భావిస్తే పొరపాటే. అమెరికా తపాలా శాఖ ఉదంతమే ఇందుకు తార్కాణం. ఉత్తరాలు పంచే ఆ శాఖ బండ్లు 1987-94 మధ్య తయారైనవి. 24 ఏళ్లు పనిచేయాలని రూపొందించిన వాటిని 30 ఏళ్లు దాటినా తిప్పారు. వాటికి ఏసీ లేదు. వేసవిలో సిబ్బంది పడిన అవస్థలు అన్నీ ఇన్నీ కావు. ఎట్టకేలకు 2021 ఫిబ్రవరిలో ఓష్కోష్ అనే కంపెనీకి పదేళ్లలో 1,65,000 వరకు వాహనాలు తయారుచేసే కాంట్రాక్టు దక్కింది. మొదటి విడత విలువే 48.2 కోట్ల డాలర్లు.

తొలి ప్రణాళికలో విద్యుత్తు బండ్లు కనీసం 10 శాతమే. పర్యావరణ ప్రభావాన్ని కాంట్రాక్టు ఇచ్చాక అధ్యయనం చేయడమేమిటని ప్రభుత్వ సంస్థలే నిలదీశాయి. 16 రాష్ట్రాలు 2022లో కోర్టుకెక్కాయి. టెండరు ఓడిన విద్యుత్తు వాహనాల కంపెనీ ఒకటి దావా వేసి తర్వాత ఉపసంహరించుకుంది. చివరకు 2022 డిసెంబరులో తపాలా శాఖ దిగివచ్చి, 2028 నాటికి 66 వేల విద్యుత్తు వాహనాలు సమకూర్చుకుంటామని ప్రకటించింది. ఏ బండి కావాలన్న ప్రశ్నను కాంట్రాక్టు తర్వాత అడిగితే ఎంత గందరగోళమో ఈ ఒక్క ఉదంతం చాలు. రోజుకు నిర్ణీత దూరం, వీధి వీధికీ ఆగుతూ సాగే ప్రయాణం. మన రేషన్ బండి పనీ సరిగ్గా ఇటువంటిదే. మన బండ్లు పెట్రోలువి కావడం, నెలకు రూ.3 వేల పెట్రోలు ఖర్చు ప్రభుత్వం మీద పడటం ఈ సందర్భంగా గుర్తుకు వస్తుంది.

ఐరోపాలో 2021 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన పరిశుభ్ర వాహనాల నిబంధన ప్రకారం ప్రభుత్వాలు కొనే కార్లు, బస్సులు, లారీలలో నిర్ణీత శాతం తక్కువ కాలుష్యం వెదజల్లేవై ఉండాలి. బ్రిటన్ మరో అడుగు ముందుకు వేసింది. 2025 ఫిబ్రవరి 24న అక్కడ అమల్లోకి వచ్చిన కొత్త కొనుగోలు చట్టం ధర పరంగా లాభదాయకమైన టెండరు అన్న పాత మాటను మార్చి, మొత్తం మీద మిక్కిలి ప్రయోజనకరమైన టెండరు అని రాసింది. 50 లక్షల పౌండ్లు మించిన ఒప్పందాల విషయంలో, కొన్ని మినహాయింపులు పోగా, ఒప్పంద పత్రం ప్రతిని ప్రజలకు అందుబాటులో పెట్టాలి. సరఫరాదారు పనితీరుకు కనీసం మూడు కొలమానాలు నిర్ణయించి, ఏటా ఎలా పనిచేశాడో వెల్లడించాలి. ఇదే నియమం ఇక్కడ ఉంటే రేషన్ బండి రెండో ఏడాదే దాని జాతకం బయటపడేది. నెలకు ఎన్ని ఇళ్ల ముంగిట ఆగింది, ఎన్ని కార్డులకు సరుకు అందలేదు అన్న లెక్క ఏటా కాగితంపైకి వచ్చి ఉంటే రద్దు చేయాలా, సరిదిద్దాలా అన్న వాదన రాజకీయ వేదికల మీద కాక అంకెల మీద నడిచి ఉండేది.

సిండికేటు అక్కడా ఉంది

మద్యం దుకాణాల పాటల్లో, ఇసుక ర్యాంపుల వద్ద వినిపించే సిండికేటు అనే మాట జిల్లావాసులకు సుపరిచితమే. జర్మనీలో అగ్నిమాపక వాహనాలు తయారుచేసే కంపెనీలు ఏళ్ల తరబడి అదే పని చేశాయి. పురపాలక సంఘాలు పిలిచే టెండర్లలో ఎవరి వాటా ఎంతో ముందే పంచుకున్నాయి. వచ్చిన ఆర్డర్ల వివరాలను స్విట్జర్లాండ్‌లోని ఒక ఆడిటరుకు పంపితే అతడు పట్టీ తయారుచేసేవాడు. జ్యూరిక్ విమానాశ్రయంలో సమావేశమై లెక్కలు సరిచూసుకునేవారు. 2011లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ మూడు కంపెనీలకు 2 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించింది. లారీల సంగతి ఇంతకు మించినది. 1997 నుంచి 2011 వరకు 14 ఏళ్లపాటు ధరల విషయంలో కుమ్మక్కైనందుకు ఐరోపాలోని ప్రముఖ తయారీదారులకు 2016 జులైలో ఐరోపా కమిషన్ 293 కోట్ల యూరోల జరిమానా వేసింది. గుట్టు ముందుగా బయటపెట్టిన కంపెనీకి మాత్రం మినహాయింపు లభించింది. కవర్లు ఎన్ని వచ్చాయన్నది కాదు, అవి ఒకే టేబుల్ మీద తయారయ్యాయా అన్నది చూడాలని ఈ ఘటనలు హెచ్చరిస్తున్నాయి.

మన నిబంధనలు.. వచ్చినవి, పోయినవి

ఆన్‌లైన్ టెండర్ల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందువరుసలో నిలిచింది. 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ప్రారంభమైంది. అంతకుముందు టెండరు షెడ్యూలు కొనడానికి వెళ్లినవారిని గేటు వద్దే అడ్డుకున్న కథలు కోకొల్లలు. ఆ బెడద చాలావరకు తగ్గింది. కేంద్రం 2016 ఆగస్టులో జెమ్ పోర్టల్‌ను ప్రవేశపెట్టింది. కంపెనీలు తమ సరుకు ధర అందులో పెడతాయి, శాఖలు పోల్చి చూసి కొంటాయి. వాహనాలకు ఇక్కడ ఒక ప్రత్యేక సదుపాయం ఉంది. ఇతర సరుకులకు నిర్ణీత పరిమితి దాటితే తప్పనిసరిగా బిడ్ పిలవాలి. మోటారు వాహనాలకు మాత్రం రూ.30 లక్షల వరకు పోర్టల్‌లో ధరలు పోల్చి నేరుగా కొనుక్కోవచ్చు. ఒక అధికారికి ఒక కారు కొనడానికి ఇది సౌలభ్యమే.

రాష్ట్రంలో 2019లో రెండు ప్రయోగాలు జరిగాయి. రూ.100 కోట్లు, ఆపై విలువగల మౌలిక వసతుల టెండర్లను పిలవకముందే విశ్రాంత న్యాయమూర్తి పరిశీలించేలా జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చారు. ఎల్-1 ధర వచ్చాక దాన్ని ఆధారంగా చేసుకుని మళ్లీ పాట పెట్టి ఇంకా తగ్గించే రివర్స్ టెండరింగ్‌ను అమలు చేశారు. 2024లో ప్రభుత్వం మారాక రెండింటికీ స్వస్తి పలికారు. రివర్స్ టెండరింగ్ గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నా, టెండరు పత్రాన్ని ముందుగా ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు కోరడమనే జ్యుడీషియల్ ప్రివ్యూలోని అంశం మాత్రం నిలుపుకోదగినదే. షరతులు రాసే దశలో బయటివారి చూపు పడే ఏకైక కిటికీ అది.

ప్రశ్న సరిగా అడిగిన సందర్భాలూ రాష్ట్రంలో లేకపోలేదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవల కోసం 2020 జులై 1న వెయ్యికి పైగా 108, 104 వాహనాలను రంగంలోకి దించినప్పుడు పట్టణాల్లో 15 నిమిషాలు, గ్రామాల్లో 20 నిమిషాలు, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలన్న లక్ష్యం నిర్దేశించారు. అది పాటించారా లేదా అన్నది వేరే చర్చ. కనీసం నిలదీయడానికి ఒక అంకె అంటూ ఉంది. రేషన్ బండి విషయంలో అటువంటి అంకె సామాన్యుడి నోట వినిపించలేదు.

కిలోమీటరు లెక్కన పోటీ

బస్సుల విషయంలో దేశమంతటా కొత్త పద్ధతి వేళ్లూనుకుంటోంది. బస్సు కొనడం మాని, కిలోమీటరుకు ఇంత అని చెల్లించడం. బస్సు, డ్రైవరు, మరమ్మతులు కంపెనీవి. మార్గం, టిక్కెట్టు, వసూళ్లు ఆర్టీసీవి. తిరుమల-తిరుపతి మార్గాల కోసం హైదరాబాద్‌కు చెందిన ఈవీ ట్రాన్స్ సంస్థ ద్వారా 100 విద్యుత్తు బస్సులను ఏపీఎస్‌ఆర్టీసీ ఇలాగే సమకూర్చుకుంది. 2022 సెప్టెంబరులో అవి ప్రారంభమయ్యాయి. అదే ఏడాది హైదరాబాద్ సహా ఐదు నగరాలకు 5,450 బస్సుల కోసం కేంద్ర సంస్థ సీఈఎస్‌ఎల్ ఒకే టెండరు పిలవగా 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.43.49 ధర పలికింది. ఇక్కడ పోటీ బండి ధర మీద కాదు, పన్నెండేళ్లు నడిపే ఖర్చు మీద. రేషన్ బండి విషయంలో టెండరు వెలుపల ఉండిపోయిన మొత్తం ఇక్కడ టెండరులోనే ఉంది.

షరతుల్లో ఒక్క మాట ఎంత దూరం తీసుకెళ్తుందో ముంబయి ఉదంతం చెబుతుంది. అక్కడి బెస్ట్ సంస్థ 2022లో 1,400 విద్యుత్తు బస్సులకు టెండరు పిలిచింది. ఒకసారి చార్జింగ్‌తో, 80 శాతం బ్యాటరీ వినియోగానికే, ఏసీ వేసుకుని, వాస్తవ రోడ్డు పరిస్థితుల్లో 200 కిలోమీటర్లు నడవాలన్నది షరతు. టాటా మోటార్స్ ప్రామాణిక పరీక్ష పరిస్థితుల్లో 200 కిలోమీటర్లు అని పేర్కొనడంతో అనర్హత వేటు పడింది. ఈవీ ట్రాన్స్‌కు కాంట్రాక్టు దక్కింది. టాటా అనర్హతను సమర్థించిన బొంబాయి హైకోర్టు, ఈవీ ట్రాన్స్ బిడ్‌నూ తోసిపుచ్చింది. 2023 మే 19న సుప్రీంకోర్టు ఆ తీర్పులోని రెండో భాగాన్ని పక్కనపెట్టి ఈవీ ట్రాన్స్‌కు కాంట్రాక్టును నిలబెట్టింది. టెండరు వ్యవహారాల్లో న్యాయస్థానాలు ఆచితూచి జోక్యం చేసుకోవాలని స్పష్టం చేసింది. ప్రయోగశాలలో నడిచే దూరం, గుంతల రోడ్డు మీద నడిచే దూరం ఒకటి కావని షరతు రాసిన అధికారి ముందే గ్రహించడం విశేషం.

ఈ సంగతి కోనసీమవాసులకు దూరపు ముచ్చట కాదు. కేంద్రం 2023 ఆగస్టులో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవా పథకం కింద రాష్ట్రానికి కేటాయించిన 750 బస్సుల జాబితాలో కాకినాడ, రాజమహేంద్రవరం నగరాలూ ఉన్నాయి. ద్రాక్షారామం, కోటిపల్లి పరిసర గ్రామాల విద్యార్థులు, ఉద్యోగులు, ఆసుపత్రికి వెళ్లేవారు నిత్యం ఆధారపడేది కాకినాడ మీదనే. కిలోమీటరు లెక్కలో ఒక చిక్కు ఉంది. బస్సులో ప్రయాణికులు ఉన్నా లేకున్నా కంపెనీకి తిరిగిన దూరానికి సొమ్ము అందుతుంది. ఏ మార్గంలో, ఏ వేళకు తిప్పాలన్నది ఆర్టీసీ సరిగా నిర్ణయించకపోతే ఖాళీ బస్సుకూ కిలోమీటరు బిల్లు తప్పదు. సింగపూర్‌లో 2016 నుంచి బస్సులు, డిపోలు ప్రభుత్వానివే. నడపడానికి మాత్రమే కంపెనీలు పోటీపడతాయి. నడిపేవాడు విఫలమైతే బస్సు ఆగదు, నడిపేవాడు మారతాడు. మన పద్ధతిలో కంపెనీ తప్పుకుంటే బస్సూ దానితోనే వెళ్లిపోతుంది.

ఎవరికీ తెలియని కొనుగోళ్లు

టెండరు వివరాలు బయటపడకపోతే ఏమవుతుందో పొరుగు రాష్ట్రం చూపింది. గత ప్రభుత్వం ముఖ్యమంత్రి కాన్వాయ్ కోసం 22 ల్యాండ్ క్రూజర్లు కొని విజయవాడలో ఉంచిందని, తాను అధికారం చేపట్టాకే ఈ విషయం తెలిసిందని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2023 డిసెంబరులో విలేకరులకు చెప్పారు. భద్రతా కారణాల వల్ల కొన్ని వివరాలు గోప్యంగా ఉండటం సహజమే. కానీ ముఖ్యమంత్రి పదవి చేపట్టిన వ్యక్తికే ఆలస్యంగా తెలిసే కొనుగోలు గ్రామ వార్డు సభ్యుడికి ఎన్నటికి తెలియాలి?

మున్ముందు ప్రభుత్వ కార్యాలయాల వాహనాల కొనుగోళ్లు పెరిగే సూచనలే ఎక్కువ. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. సైన్యం, శాంతిభద్రతల విధుల్లోని ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. మిగిలినవన్నీ తుక్కుకు వెళ్లవలసిందే. వాటి స్థానంలో కొత్తవి కొనడమో, అద్దెకు తీసుకోవడమో అనివార్యం.

కొన్నవారిని అడిగే దారి చట్టంలోనే ఉంది. సమాచార హక్కు దరఖాస్తుకు రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. సమాధానానికి గడువు 30 రోజులు. ఎంతకు కొన్నారని మాత్రమే అడిగితే ఒక అంకె వస్తుంది. టెండరు షరతుల ప్రతి, ఎందరు బిడ్ వేశారు, ఎవరిని ఏ కారణంతో తిరస్కరించారు, ధరల తులనాత్మక పట్టిక, వాహనం లాగ్ పుస్తకం, ఏడాది ఇంధనం, మరమ్మతుల బిల్లులు.. ఇవి కూడా అడగవచ్చు. వాహనం అవసరమని మొదట రాసిన నోట్ ఫైలు ప్రతిని కోరడం వీటన్నిటికన్నా ముఖ్యం. రేషన్ బండ్లకు సంబంధించిన దస్త్రాలు పౌర సరఫరాల సంస్థ వద్ద ఉంటాయి.